మా పేట మిలట్రీ తాత

చరిత్ర పుస్తకాల్లో యుద్ధాలకి తారీఖులుంటాయి. వాటికెళ్లిన అంటరానోళ్ల పేర్లుండవు. కుంపిణీ కాలం నుంచే పటాలంలో మనవాళ్లున్నారు. అంబేద్కర్ తండ్రి రాంజీ సక్పాల్ సుబేదారు, మిలట్రీ బడిలో హెడ్మాస్టరు. ఊరిబడి గడప తొక్కనియ్యని జనానికి పటాలమే బడి అయింది. 1890ల్లో తెల్లదొరలు 'వీరజాతుల' లెక్కలు తీసి మహర్ల భర్తీ ఆపేశారు. రెండో ప్రపంచయుద్ధం మీదపడ్డాక, 1941లో మహర్ రెజిమెంటు పెట్టారు.

ఇక్కడ 1917 నవంబరులో, బెజవాడలో, భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన మనవాళ్లు పంచములం కాదు, ఆది ఆంధ్రులమన్నారు. పేరు మారినా బందరు కాలవ గట్టునున్న మా పేటకి బడి చాలాకాలం రాలేదు.

మిలట్రీ తాతని రెండో తరగతిలో మాన్పించి పాలేరుగా పెట్టారు. చైనా యుద్ధం అయిన మరుసటేడు, 1963లో, పటాలంలో చేరాడు. పదిహేనేళ్లకి పింఛనుతోనూ, చదువుతోనూ తిరిగొచ్చాడు. పింఛనొచ్చిన రోజున పిల్లలందరికీ పలకలు, నోటుపుస్తకాలు కొనేవాడు. సాయంత్రాలు అరుగుమీద అర్జీలు రాసేవాడు. "ఏవమ్మా, వేలు నల్లగా చేసుకోమాక, నీ పేరు నువ్వే రాయి" అనేవాడు.

ఊళ్లో హోటల్లో ఆయనకీ గ్లాసు బయటే. అక్కడికి పోవడం మానేసి ఇంట్లోనే టీ కాచేవాడు. కాగితాలు రాయించుకోడానికి ఊరోళ్లొస్తే వాళ్లకీ మా గ్లాసుల్లోనే ఇచ్చేవాడు. కొందరు తాగారు. కొందరు దాహం లేదన్నారు. కాగితం మాత్రం అందరికీ రాసిచ్చాడు.

మీ పేటలో పాత జవానుంటే ఆయన డిశ్చార్జి బుక్కు అడిగి చూడండి. మనం అక్షరం నేర్చిన చరిత్ర కొంత అందులో ఉంది.