ఖాళీ పిస్తోలు: శంషాబాద్ దారిలో ఒక సాధన చరిత్ర

కర్మాగారం నుంచి బయటికి వచ్చిన కొత్త పిస్తోలు వెంటనే నమ్మదగిన ఆయుధం కాదు. దాని ఉక్కు భాగాలు ఒకదానితో ఒకటి ఒరుసుకుని నునుపు తేలాలి, స్ప్రింగుల బిగువు కొంత సడలాలి, పట్టిన చెయ్యి దాని బరువుకూ ఎదురుతన్నుకూ అలవాటు పడాలి. కోడెదూడను కాడికి మాలిమి చేసినట్టు ఓపికగా సాగే ఈ పని ప్రపంచంలో చాలాచోట్ల ఆయుధం కొన్న వ్యక్తి సొంత వ్యవహారం కాగా, తెలుగు నేలమీద మాత్రం అది దాదాపు ఎప్పుడూ సంస్థల వ్యవహారంగానే ఉండిపోయింది. ఆ సంస్థల్లో ముఖ్యమైనవి హైదరాబాద్‌కు దక్షిణాన, శివరాంపల్లి, హిమాయత్‌సాగర్‌ల నుంచి శంషాబాద్ విమానాశ్రయం దాకా, దానికి తూర్పున ఉన్న మంఖాల్, తుక్కుగూడల దాకా పరచుకున్న నేలలోనో, దానికి చేరువలోనో వెలిశాయి కనుక, ఈ సాధన చరిత్రను ఆ దారి వెంట చెప్పుకోవడం సముచితం.

శంషాబాద్ పేరు షంసుల్ ఉమ్రా అనే బిరుదు నుంచి వచ్చిందని ప్రతీతి. ఆ బిరుదు పొందిన పాయిగా వంశీకులు నిజాం కోసం సొంత బలగాలను పోషించి, అందుకు ప్రతిఫలంగా జాగీర్లు అనుభవించిన ప్రభువులు. అంటే ఈ ఊరి పేరులోనే ఆయుధాలు పట్టినవారి జీతభత్యాల చరిత్ర ఇమిడి ఉంది. 18వ శతాబ్దం చివర నిజాం అలీఖాన్ కొలువులో చేరిన ఫ్రెంచి సేనాని రేమండ్ నగరంలో ఫిరంగులు పోతపోసే కార్ఖానా పెట్టించాడు; జనం తోప్ కా సాంచా అని పిలిచిన ఆ చోటే నేటి గన్‌ఫౌండ్రీ. రేమండ్ 1798 మార్చిలో మరణించగా, ఆ సెప్టెంబరులో కుదిరిన సైన్య సహకార ఒప్పందాన్ని అనుసరించి అతని దళాలను అక్టోబరులో ఇంగ్లీషువారు నిరాయుధులను చేశారు. ఆయుధం తయారీ, దాన్ని వాడే నేర్పు రెండూ ఒక్క సంతకంతో చేతులు మారగలవని చూపిన ఈ ఘటన, హైదరాబాద్ చరిత్రకారులు ఇచ్చిన చోటుకంటే పెద్ద చోటుకే అర్హమైనది.

నేటి పిస్తోలు వీటన్నిటికంటే చాలా చిన్న వయసుది. తూటా పేలినప్పుడు పుట్టే ఎదురుతన్నునే వాడుకుని, ఖాళీ గుల్లను బయటికి విసిరి, పిడిలోని మ్యాగజైన్ నుంచి మరో తూటాను గొట్టంలోకి ఎక్కించే యంత్రమిది. గొట్టంపైన ముందువెనుకలకు కదిలే ఉక్కు తొడుగును స్లైడ్ అంటారు. ఈ అమరికను వాడుకలోకి తెచ్చినవారిలో అమెరికన్ ఆయుధ రూపకర్త జాన్ బ్రౌనింగ్ అగ్రగణ్యుడు. 1926లో అతను మరణించాక, బెల్జియం ఇంజనీరు డ్యుడోనే సైవ్ పూర్తిచేసిన హై పవర్ పిస్తోలు 1935లో వెలువడింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కెనడాలోని ఇంగ్లిస్ సంస్థ తయారుచేసిన ఆ పిస్తోలు నమూనానే పశ్చిమ బెంగాల్‌లోని ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ 9 ఎంఎం ఆటో పిస్తోల్ 1ఏ పేరుతో ఉత్పత్తి చేసింది. మ్యాగజైన్‌లో 13 తూటాలు పట్టే ఈ ఆయుధం భారత సైన్యంతో పాటు తెలుగు ప్రాంతాల పోలీసు అధికారుల నడుముకూ చేరింది.

ఆ తరువాత వచ్చిన కాంపాక్ట్ పిస్తోలు, అంటే దుస్తుల కింద దాచుకోవడానికి వీలుగా గొట్టాన్నీ పిడినీ కుదించినది, చూపుకు సులువుగా కనిపించినా చేతికి కఠినమైనది. ఆస్ట్రియాలో తయారయ్యే గ్లాక్ 17 గొట్టం 114 మిల్లీమీటర్లు ఉంటే, దానికి కాంపాక్ట్ రూపంగా 1988లో వచ్చిన గ్లాక్ 19 గొట్టం 102 మిల్లీమీటర్లు. ఆ కాస్త తగ్గుదలకే ముందు, వెనుక గురిబొడిపెల మధ్య దూరం తగ్గి, మణికట్టులోని చిన్న వణుకు సైతం లక్ష్యం దగ్గర పెద్ద తేడాగా మారుతుంది. స్లైడ్ పొట్టిదై తేలిక కావడంతో దాన్ని అదుపుచేసే స్ప్రింగు మరింత బిగువుగా ఉండాలి. మణికట్టు వదులైతే ఎదురుతన్ను బలమంతా చేతిలోనే ఇంకిపోయి స్లైడ్ పూర్తిగా వెనక్కి రాక, తూటా మధ్యలో ఇరుక్కుంటుంది. అమెరికాలో చిన్న పిస్తోళ్లకు పేరుపడిన కార్ ఆర్మ్స్ సంస్థ తన పిస్తోలును 200 తూటాలు పేల్చాకే నమ్మదగినదిగా భావించాలని కొనుగోలుదారుకు సూచిస్తుంది. కొత్త పిస్తోలు ఇరుక్కోవడానికి కారణం లోహపు బిరుసా, మ్యాగజైన్ లోపమా, లేక మనిషి మణికట్టా అన్నది ఆ తొలి తూటాల్లోనే తేలుతుంది కనుక, ఆ సూచనలో వ్యాపారం కంటే వివేకమే ఎక్కువ.

అయితే ఒక్కో తూటాకూ లెక్క చెప్పవలసిన దేశంలో 200 తూటాలు చిన్న సంఖ్య కాదు. 1962 అక్టోబరు 1న అమలులోకి వచ్చిన 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం 9 ఎంఎం పిస్తోలు సాధారణ పౌరులకు నిషిద్ధం, లైసెన్సు పొందినవారు .32 వంటి అనుమతించిన కొలతలతోనే సరిపెట్టుకోవాలి, తూటాలనూ లైసెన్సులో రాసిన పరిమితి మేరకే కొనాలి. 2016 ఆయుధాల నిబంధనలు దరఖాస్తుదారుకు భద్రతా శిక్షణను తప్పనిసరి చేశాయి. అంతకుముందు చాలామంది లైసెన్సుదారులు కొన్న ఆయుధాన్ని బీరువాలో భద్రపరచి, ఎన్నికల వేళ పోలీసు స్టేషన్‌లో అప్పగించి, మళ్లీ తెచ్చుకోవడంతోనే కాలం గడిపారు. వారి పిస్తోలు ముసలిదైనా మాలిమి కాలేదు.

తూటాల కొరత ఈ గడ్డకు కొత్త కాదు. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో వడిసెలతోనూ గుత్పలతోనూ మొదలుపెట్టిన పల్లె జనానికి చిక్కిన తుపాకులు తక్కువ, వాటికి తూటాలు మరీ తక్కువ. అటువంటి స్థితిలో సాధన కోసం కాల్చడం అంటే పోరుకు దాచుకున్నదాన్ని తగలెయ్యడమే. ఆ కాలంలోనే మరో ఆరంభం జరిగింది: భారత సేనలు 1948 సెప్టెంబరు 13న హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించి 17 నాటికి చర్య ముగించగా, సరిగ్గా ఆ నడుమ 15న మౌంట్ ఆబూలో కేంద్ర పోలీసు శిక్షణ కళాశాల మొదలైంది. 1967లో జాతీయ పోలీసు అకాడమీగా పేరు మార్చుకుని, 1974లో సర్దార్ పటేల్ పేరు చేర్చుకుని, 1975లో అది శివరాంపల్లికి తరలివచ్చింది. సంస్థానాన్ని విలీనం చేసిన నేత పేరిట ఉన్న అకాడమీ ఆ సంస్థానపు రాజధాని అంచునే స్థిరపడటం చరిత్రలో అరుదుగా కుదిరే పొంతన. అక్కడికి చేరువలోనే హిమాయత్‌సాగర్ దగ్గర 1986లో రాష్ట్ర పోలీసు అకాడమీ వెలిసింది. నిజాం పాలనలో 1920 నుంచి 1934 వరకు నగర కొత్వాలుగా పనిచేసిన రాజబహదూర్ వెంకటరామారెడ్డి పేరు నేడు దానికి ఉంది.

ఇటువంటి శిక్షణాలయాల్లో పిస్తోలు విద్య తూటా లేకుండానే మొదలవుతుంది. దీన్ని డ్రై ప్రాక్టీస్ అంటారు: ఆయుధం ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ రెండుసార్లు నిర్ధారించుకుని, తూటాలను వేరే గదిలో ఉంచి, భద్రమైన దిశకు గురిపెట్టి ట్రిగ్గర్‌ను మెల్లగా నొక్కే అభ్యాసమిది. గొట్టంపై నాణెం నిలబెట్టి, ట్రిగ్గర్ నొక్కినా అది పడిపోకుండా చూడటం ఇందులో పాత పద్ధతి. తూటా చప్పుడు లేకపోవడంతో కంటికి రెప్పపాటు భయం పుట్టదు, వేలు చేసే తప్పు దాగదు. కొరత నేర్పిన ఈ పద్ధతే అసలు గురువని నిస్సంకోచంగా చెప్పవచ్చు. ఫైరింగ్ మైదానాన్ని ఉర్దూ, హిందీ వాడుకలో చాంద్‌మారీ అంటారు, గురిపెట్టడాన్ని శిస్త్ అంటారు. నింపడానికి ‘భర్’ అనీ, దించడానికి ‘ఖాలీ కర్’ అనీ వినిపించే ఆజ్ఞలు తెలుగు సిపాయి చెవికి అమ్మభాషంత పరిచయం. తెలుగులో ‘గురి’ అన్న ఒక్క మాటే లక్ష్యాన్నీ నమ్మకాన్నీ రెండింటినీ సూచించడం ఈ విద్యకు బాగా అమరింది.

పోలీసు ప్రాకారం దాటి పిస్తోలు సాధన క్రీడగా బయటికి రావడానికి 2002 జాతీయ క్రీడలు దారితీశాయి. వాటికోసం హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో షూటింగ్ రేంజి నిర్మించారు. నగరానికి చెందిన ఈషా సింగ్ 2018లో 13 ఏళ్ల వయసులోనే 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు జాతీయ విజేత అయింది, 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచింది. ఎయిర్ పిస్తోలు లక్ష్యంలో పది మార్కుల వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ క్రీడాకారుల రోజువారీ అభ్యాసంలోనూ ఖాళీ పిస్తోలు ట్రిగ్గర్ నొక్కడానిది పెద్ద భాగం.

2008 మార్చి 23న శంషాబాద్ నుంచి విమానాలు ఎగరడం మొదలయ్యాక, ఈ నేలలో సాయుధ విధికి మరో రూపం వచ్చింది. 1999 డిసెంబరు నాటి విమాన హైజాక్ అనంతరం దేశంలోని విమానాశ్రయాల కాపలాను క్రమంగా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి (సీఐఎస్ఎఫ్) అప్పగించారు. జనసమ్మర్దం నడుమ పనిచేసే ఆ బలగాలకు ఒక్క తూటా గురి తప్పినా పరిహారం ఉండదు. క్రీడాకారుల పిస్తోళ్లు సైతం ఇక్కడినుంచే, ఖాళీ చేసి, చేతిసంచిలో కాక విమానం అడుగున వేసే సామానులో ప్రయాణిస్తాయి. 2024లో ఐకామ్ సంస్థ యూఏఈకి చెందిన కారకల్ సాంకేతికతతో హైదరాబాద్‌లో చిన్న ఆయుధాల తయారీ కేంద్రాన్ని ప్రారంభించడంతో, రేమండ్ కార్ఖానా తరువాత చాలాకాలానికి నగరం మళ్లీ ఆయుధాల పుట్టిల్లయింది. మందుగుండు ఆయుధాన్ని వాడుకకు ఇచ్చేముందు మామూలుకంటే ఎక్కువ పీడనం పుట్టించే తూటాలతో గొట్టాన్ని పరీక్షించడం ఈ వృత్తిలో పాత ఆచారం. అందుకే ఎంత కొత్త పిస్తోలైనా, దాని తొలి తూటా యజమాని చేతిలో పేలదు.