వేసవిలో పడవ ప్రయాణము: తూర్పు తీరపు కాలువ చరిత్ర

హుజూర్‌నగర్ ప్రాంతమునకు సముద్రము దూరము. కాని తీరమునకు పోవు నీటిదారి ఆ ప్రాంతపు దక్షిణపు అంచుననే కలదు. మిర్యాలగూడ వైపున వాడపల్లి వద్ద మూసీనది కృష్ణలో కలియును. అచ్చటినుండి కృష్ణ మట్టపల్లి క్షేత్రము ప్రక్కగా సాగి, అమరావతిని దాటి, విజయవాడ చేరును. వాడపల్లికే వజీరాబాదు అని మరియొక పేరు. 2008వ సంవత్సరమున భారత ప్రభుత్వము నాలుగవ జాతీయ జలమార్గమును ప్రకటించినప్పుడు, కృష్ణానదిలో ఆ మార్గము మొదలగు స్థలముగా చట్టమునకెక్కినది ఈ వజీరాబాదు పేరే.

పటమును ముందుంచుకొని చూచినచో ఈ దారి ఎంత పొడవైనదో తెలియును. విజయవాడ వద్ద నదికి కుడిగట్టున సీతానగరము వైపు కాలువలో ప్రవేశించిన పడవ దుగ్గిరాల మీదుగా కొమ్మమూరు కాలువను పట్టి పెదగంజాము చేరగలిగెడిది. పెదగంజాము వద్ద బకింగ్‌హామ్ కాలువ మొదలగును. అది సముద్రమునకు సమాంతరముగా ఒంగోలు, నెల్లూరు తీరముల వెంట దక్షిణమునకు సాగి, పులికాటు సరస్సు గుండ మద్రాసు చేరును. ఎడమగట్టున విజయవాడనుండి బయలుదేరు కాలువ ఏలూరు చేరి, గోదావరి కాలువలతో కలిసి, రాజమహేంద్రవరము, కాకినాడల వరకు దారి చూపెడిది.

వేసవి సెలవులలో ఒక చిన్న పడవపై వాడపల్లినుండి మద్రాసునకు పోవలెనని నూరు సంవత్సరముల క్రిందట ఎవరైన తలపెట్టియుండినచో, వారు ఏమేమి ఆలోచించుకొనవలసియుండెడిది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన, ఆ కాలువ ఎట్లు బ్రతికినదో, ఎట్లు క్షీణించినదో రెండును బోధపడును.

దూరము, కాలము

జాతీయ జలమార్గమునకు ఇచ్చిన కొలతల ప్రకారము వాడపల్లినుండి విజయవాడకు నదిపై 157 కిలోమీటర్లు. విజయవాడనుండి పెదగంజామునకు కొమ్మమూరు కాలువపై 113 కిలోమీటర్లు. పెదగంజామునుండి మద్రాసునకు ఉత్తర బకింగ్‌హామ్ కాలువపై 316 కిలోమీటర్లు. వెరసి 586 కిలోమీటర్లు.

ఆనాటి పడవకు యంత్రము లేదు. గాలి అనుకూలించిన తెరచాప ఎత్తుదురు. లేనిచో మనుష్యులు గట్టుపై నడచుచు త్రాటితో లాగుదురు. లోతు తక్కువైనచోట వెదురుగడతో నెట్టుదురు. గంటకు 3 కిలోమీటర్ల చొప్పున రోజునకు 10 గంటలు సాగునని అనుకొన్నచో, 586 కిలోమీటర్లకు సుమారు 20 రోజులు పట్టును.

ఇంత మెల్లని ప్రయాణము దేనికని విద్యార్థి అడుగవచ్చును. ఆ మెల్లదనములోనే దాని బలము కలదు. నీటిపై పోవు పడవకు నీరు చూపు అడ్డు వేగముతోపాటు త్వరగా పెరుగును. వేగము రెట్టింపైనచో అడ్డు సుమారు నాలుగు రెట్లగును. దీనినే తిరుగవేసి చూచినచో, వేగము సగమైనప్పుడు అడ్డు నాలుగవ వంతునకు తగ్గును. అందుచేతనే మట్టిబాటపై ఎడ్ల బండి మోయలేని బరువును నీటిపై ఇద్దరు మనుష్యులు లాగుకొనిపోగలిగిరి. తొందర లేని బరువు సరుకులకు, అనగా బియ్యము, ఉప్పు, వంటచెఱకు వంటివానికి, కాలువను మించిన దారి ఆనాడు లేదు.

దారి ఏర్పడిన విధము

తూర్పు తీరమున సహజమైన ఓడరేవులు తక్కువ. తీరమున అలలు బలముగా విరుగును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు తుఫానుల భయము మెండు. చిన్న పడవ సముద్రముపై పోవుట ప్రాణాపాయము. కాని తీరమున ఇసుకదిబ్బల వెనుక పల్లపు నేలలు, ఉప్పుటేరులు, సరస్సులు వరుసగా కలవు. కాలువ త్రవ్వినవారు వీనిని ఒకదానితో ఒకటి కలుపుచు పోయిరి.

మొదటి భాగము 1806లో పూర్తియైనది. బాసిల్ కాక్రేన్ అను వర్తకుడు తన ధనముతో మద్రాసునుండి ఎన్నూరు వరకు 11 మైళ్ల కాలువను త్రవ్వించెను. తరువాత అది పులికాటు సరస్సు వరకు పొడిగింపబడెను. 1837లో మద్రాసు ప్రభుత్వము దానిని తన వశము చేసికొని, క్రమముగా ఉత్తరమున పెదగంజాము వరకు, దక్షిణమున మరక్కాణము వరకు సాగించెను. మొత్తము పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందులో 258 కిలోమీటర్లు నేటి ఆంధ్రప్రదేశ్‌లోను, 163 కిలోమీటర్లు తమిళనాడులోను కలవు.

ఇంతలో ఉత్తరమున మరియొక పని జరిగెను. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరము వద్ద గోదావరిపై 1847–52 సంవత్సరములలో ఆనకట్ట కట్టించెను. 1852–55లో విజయవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట వచ్చెను. ఈ ఆనకట్టల క్రింది కాలువలు పైరులకు నీరిచ్చుటకే కాక పడవల రాకపోకలకును పనికివచ్చునట్లు నిర్మింపబడినవి. దేశమునకు రైలుమార్గములకంటె జలమార్గములు చౌకయని కాటన్ జీవితాంతము వాదించెను. డెల్టా కాలువలు తీరపు కాలువతో పెదగంజాము వద్ద కలియుటతో కాకినాడనుండి మద్రాసు దాటి పోవుటకు దారి ఏర్పడెను.

ఈ చరిత్రలో ఒక దుఃఖభాగము కలదు. 1876–78 సంవత్సరముల మహాకరవులో దక్షిణ భారతమున లక్షలకొలది ప్రజలు మరణించిరి. అప్పుడు మద్రాసు గవర్నరైన బకింగ్‌హామ్ డ్యూకు, నగరములో కూవము, అడయారు నదులను కలుపు 8 కిలోమీటర్ల కాలువను 1877–78లో కరవు పనిగా త్రవ్వించెను. 1878లో ఆయన పేరే కాలువకు స్థిరపడెను. 1877 ఆరంభమున మద్రాసు రాజధానిలో కరవు పనిచేయు పురుషునకు రోజునకు ఒక పౌను ధాన్యము, అనగా సుమారు 450 గ్రాములు, దానితో ఒక అణా కూలిగా నిర్ణయించిరి. ఈ తిండితో మట్టిపని చేయు మనిషి బలము నిలుపుకొనజాలడని ఆరోగ్యశాఖాధికారియైన కార్నిష్ వైద్యుడు గట్టిగా వాదించెను. కొన్ని నెలలకు ప్రభుత్వము కూలి పెంచవలసివచ్చెను. ఆనాటి పనులను కొలుచునప్పుడు మైళ్లతోపాటు ఈ 450 గ్రాముల లెక్కయు చెప్పుకొనవలెను.

లాకు పనిచేయు తీరు

ప్రయాణికుడు దారిలో చాల లాకులు దాటవలెను. లాకు అనగా రెండు ప్రక్కల తలుపులు గల ఒక రాతి తొట్టి. ఎగువ నీరు ఎత్తుగను, దిగువ నీరు పల్లముగను ఉన్నప్పుడు పడవ ఒకేసారి దిగలేదు. మొదట ఎగువ తలుపు తెరచి పడవను తొట్టిలోనికి రానిత్తురు. ఆ తలుపు మూసి, దిగువనున్న చిన్న తూముల ద్వారా నీటిని మెల్లగా వదలుదురు. తొట్టిలోని నీటితోపాటు పడవయు దిగును. మట్టములు సమానమైన పిమ్మట దిగువ తలుపు తెరతురు. మట్టములు సమానము కానంతవరకు నీటి ఒత్తిడి తలుపును బిగించి పట్టియుంచును. సమానమైన తరువాత కొద్ది బలముతోనే అది తెరచుకొనును. ఎదురు వచ్చు పడవను ఇదే క్రమమును త్రిప్పి పైకెత్తుదురు.

డెల్టా కాలువలలో నేల వాలును దాటుటకు లాకులు కట్టిరి. తీరపు కాలువలో వాని పని వేరు. ఆ కాలువ గుండ్లకమ్మ, పెన్న, స్వర్ణముఖి మొదలైన నదులను వాని ముఖముల దగ్గర అడ్డముగా దాటును. వరద వచ్చినప్పుడు నదినీరును, ఇసుకయు కాలువలో చొరబడకుండ నదికి రెండు గట్ల మీద లాకులుంచిరి. వరదనాళ్లలో ఆ తలుపులు మూసి, పడవలను గట్టుననే ఆపుచుండిరి.

వేసవి పరీక్ష

ఇక వేసవి సంగతి. ఏప్రిల్, మే నెలలలో బయలుదేరదలచిన వానికి మొదటి అడ్డంకి కొమ్మమూరు కాలువలోనే ఎదురగును. పంట ముగిసిన పిమ్మట డెల్టా కాలువలను కొన్ని వారములు కట్టివేసి, గట్లను, లాకులను బాగుచేయుట వాడుక. కాలువ కట్టివేసిన తరువాత అందు పడవ నడువదు. కృష్ణానదిలోను వేసవిలో నీరు సన్నగిల్లి, రాళ్లు, ఇసుకతిప్పలు బయటపడును.

పెదగంజామునుండి బయలుదేరినచో రెండవ అడ్డంకి గాలి. ఈ తీరమున వేసవిలో గాలి ముఖ్యముగా దక్షిణమునుండియు, నైరృతినుండియు వీచును. మద్రాసునకు పోవు పడవకు అది ఎదురుగాలి. తెరచాప పనికిరాదు; మొత్తము దారి త్రాటితో లాగవలెను.

మూడవది లోతు. బకింగ్‌హామ్ కాలువకు నీరు ఎక్కువగా సముద్రపు పోటువలన నదీముఖముల గుండ లోనికి వచ్చును. పోటునకు, పాటునకు నడుమ భేదము ఇచ్చట సుమారు ఒక మీటరు మాత్రమే. వేసవిలో నదులలో ప్రవాహము ఉండదు. దక్షిణపు అలలు తీరము వెంట ఇసుకను ఉత్తరముగా తోలుచు నదీముఖములకు అడ్డముగా మేటవేయును. ముఖము మూసికొనిన పిమ్మట పోటునీరు లోనికి రాదు. లోపలి నీరు ఎండకు ఆవిరియైపోవును. వానకాలమున తేలిన పడవ వేసవిలో బురదను తాకును.

నాలుగవది త్రాగునీరు. కాలువనీరు ఉప్పు. నలుగురు మనుష్యులకు రోజునకు తలకు 5 లీటర్ల చొప్పున 10 రోజులకు 200 లీటర్లు మోయవలెను. అయితే తీరవాసులకు ఒక ఉపాయము తెలియును. ఇసుకలో లోతులేని దొరువులు తీసినచో మంచినీరు ఊరును. వాననీరు ఇసుకలో ఇంకి, ఉప్పునీటికంటె తేలికయగుటచే దానిపైన ఒక పొరగా నిలుచును. లోతుగా త్రవ్వినచో, లేక ఎక్కువగా తోడినచో క్రింది ఉప్పునీరు పైకి వచ్చును. తెలివిగల ప్రయాణికుడు దొరువులున్న గ్రామములను ముందే గుర్తుపెట్టుకొని రాత్రి మజిలీలను అచ్చటనే నిర్ణయించుకొనును.

ఈ నాలుగింటిని కలిపి చూచినచో ప్రణాళిక దానంతట అదే మారిపోవును. మద్రాసునకు పోవుటకు తగిన కాలము జనవరి, ఫిబ్రవరి నెలలు. అప్పటికి ఈశాన్య ఋతుపవనపు వానలతో కాలువ నిండియుండును. ఉత్తరపు గాలి ఇంకను కొంత మిగిలియుండును. డెల్టాలో వరికోతలై ధాన్యము సిద్ధముగా ఉండును. నీరు, గాలి, పంట మూడును ఒకేసారి కలిసివచ్చును. తిరుగు ప్రయాణమునకు నీరున్నంతలో వేసవి ఆరంభపు దక్షిణపు గాలి తోడ్పడును. వేసవి సెలవులలో పడవ ఎక్కగోరు విద్యార్థి మద్రాసు వైపునుండి ఉత్తరమునకు రావలెను గాని, ఇటునుండి అటు పోరాదు.

కాలువ ఎందుకు క్షీణించెను?

1899లో విజయవాడ–మద్రాసు రైలుమార్గము ఏర్పడుటతో తొందరగల ప్రయాణికులు రైలెక్కిరి. అయినను బరువు సరుకులు కాలువను విడువలేదు. రైలు వచ్చిన తరువాత కూడ చాలకాలము శ్రీహరికోట అడవి కట్టెలు, తీరపు ఉప్పు పడవలమీద మద్రాసు చేరుచుండెను. కావున వేగము తక్కువగుటయే కాలువకు చేటు తెచ్చినదనుట పూర్తిగా సరికాదు.

అసలు కారణము పైన చెప్పిన వేసవి పరీక్షలోనే కలదు. ఈ కాలువ ఏటేట పూడిక తీసి, లాకుల తలుపులు బాగుచేసి, నదీముఖములను కనిపెట్టుకొని ఉన్నంతవరకే జలమార్గము. ఆ పని కొన్ని సంవత్సరములు ఆగినచో ఇసుక దానిని తిరిగి నేలలో కలుపును. 1965, 1966, 1976 సంవత్సరముల తుఫానులు కాలువను తీవ్రముగా దెబ్బతీసెను. లారీలు, మంచి రోడ్లు వచ్చినందున బాగుచేయుటకు పూనిక తగ్గెను. మద్రాసు నగరములో మురుగునీరు కాలువలో కలిసెను. 1990 తరువాతి సంవత్సరములలో నగర రైలుమార్గపు స్తంభములు, స్టేషనులు దాని వెడల్పును ఆక్రమించెను.

పడవలు మానిన తరువాత కూడ కాలువ ఒక మేలు చేసెను. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, పెదగంజామునుండి మద్రాసు వరకు సముద్రపు నీటిని చాలచోట్ల ఈ కాలువ తనలో ఇముడ్చుకొని, మరల సముద్రములోనికి వదలెను. దాని వెనుకనున్న మత్స్యకారుల గ్రామములకు నష్టము తగ్గినదని శాస్త్రజ్ఞులు వ్రాసిరి.

మరల పడవ నడచునా?

2008 నాటి ప్రకటనలో కృష్ణ, గోదావరి, తీరపు కాలువలు కలిపి 1078 కిలోమీటర్లు జాతీయ జలమార్గమైనవి. 2017లో ముక్త్యాలనుండి విజయవాడకు 82 కిలోమీటర్ల భాగమున పనులకు శంకుస్థాపన జరిగెను. హుజూర్‌నగర్ ప్రాంతమునకు ఇది పరాయి విషయము కాదు. మట్టపల్లి, మేళ్లచెరువు ప్రాంతములలో సున్నపురాయి విస్తారము; దానితో తయారగు సిమెంటు బరువైన సరుకు.

కాని ఆనాటి పడవవాని ప్రశ్నలు నేటికిని వర్తించును. ముక్త్యాలకు ఎగువన 2013లో ప్రారంభింపబడిన పులిచింతల ఆనకట్ట నదికి అడ్డముగా కలదు. ఆనకట్ట ఉన్నచోట పడవ దాటుటకు లాకు కావలెను. లేదా సరుకు దింపి మరల ఎక్కించు ఏర్పాటు కావలెను. కృష్ణనీరు మొదట నాగార్జునసాగర్ ఎడమకాలువ ద్వారా మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలములకు పోవలెను. దిగువ డెల్టాకును అందవలెను. ఆ తరువాత మిగిలిన నీటిలోనే పడవకు లోతు చూడవలెను. వరి ఎండిపోవుచుండగా పడవ కొరకు నీరు వదలుట ఎవరికిని సమ్మతము కాదు.

కావున జలమార్గమును గూర్చి ఎవరైన చెప్పినప్పుడు విద్యార్థులు మూడు ప్రశ్నలు వేయవచ్చును: మే నెలలో దాని లోతెంత? ఆ నీరు ఎవరి వాటానుండి వచ్చును? ఏటేట పూడిక తీయు ఖర్చు ఎవరు భరింతురు? వీనికి సరియైన సమాధానములున్నచో వాడపల్లినుండి మరల పడవ బయలుదేరగలదు. లేనిచో పటముపై నీలి గీత మాత్రమే మిగులును.