డౌన్‌టైమ్: లార్ప్ ఆటల్లో సెషన్ల నడుమ పాత్రల కార్యాచరణ, దాని చరిత్ర

లైవ్ యాక్షన్ రోల్ ప్లేయింగ్, క్లుప్తంగా లార్ప్, ఆటగాళ్లు వేషం కట్టుకుని, తమ పాత్ర తామే అయి నడుస్తూ మాట్లాడుతూ ఆడే ఆట. ఒకే కథ నెలలు, ఏళ్ల తరబడి సాగితే దాన్ని క్యాంపెయిన్ అంటారు. అలాంటి ఆటలో ఒక సెషన్ ముగిసి మరొకటి మొదలయ్యేలోగా పాత్ర గడిపే కాలమే డౌన్‌టైమ్. ఆటగాళ్లు కలుసుకునేది నెలకొక సాయంత్రమే కావచ్చు, ఏడాదికి నాలుగు వారాంతాలే కావచ్చు. కథాలోకంలో మిగిలిన రోజులు కూడా గడుస్తూనే ఉంటాయి. ఆ రోజుల్లో పాత్ర ఎవరిని కలిసింది, ఏం నేర్చుకుంది, డబ్బు ఎక్కడ పెట్టింది, ఎవరికి గొయ్యి తవ్వింది అన్నది ఆటగాడు ముందే ఆలోచించి, రాసి, నిర్వాహకులకు ఇస్తాడు. వారు అందరి ప్రణాళికలనూ పక్కపక్కన పెట్టుకుని ఫలితాలు తేలుస్తారు. తర్వాతి సెషన్‌కు కావలసిన కలహాలు, వదంతులు, అప్పులు, పొత్తులు చాలావరకు ఇక్కడే పుడతాయి.

పూర్వరంగం

వేషం కట్టి పాత్ర నడపడం పాత అలవాటే. మధ్యయుగ ఐరోపాలో యోధులు ఆర్థర్ కొలువులోని వీరుల పేర్లు పెట్టుకుని టోర్నమెంట్లలో దిగేవారు. తర్వాతి శతాబ్దాల్లో రాజాస్థానాల్లో మాస్క్ అనే వేషధారణ వినోదాలు వర్ధిల్లాయి. రాతపూర్వక ప్రణాళిక మాత్రం సైనిక క్రీడ నుంచి వచ్చింది. 1824లో ప్రష్యా సైనికాధికారి గియోర్గ్ ఫాన్ రైస్‌విట్జ్ తీర్చిదిద్దిన క్రీగ్‌స్పీల్‌లో ఇరుపక్షాల వారూ తమ ఆదేశాలను రాసి మధ్యవర్తికి ఇచ్చేవారు. ఎదుటివారు ఏం రాశారో మధ్యవర్తికి తప్ప మరెవరికీ తెలియదు. ముందుగా రాయడం, గుట్టుగా ఉంచడం, మధ్యవర్తి తీర్పుకు కట్టుబడడం అనే మూడు లక్షణాలూ అప్పుడే ఏర్పడ్డాయి.

1959లో అమెరికన్ అలన్ కాల్‌హామర్ విడుదల చేసిన డిప్లమసీ అనే బల్ల ఆటలో పాచికలు లేవు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందటి ఐరోపా రాజ్యాలను నడిపే ఆటగాళ్లు ముందు చాటుగా మంతనాలు జరిపి, ఆ తర్వాత అందరూ ఒకేసారి ఆదేశాలు బయటపెడతారు. 1963లో జాన్ బోర్డ్‌మన్ దీన్ని గ్రౌస్టార్క్ అనే చిన్న పత్రిక ద్వారా తపాలాలో ఆడించడం మొదలుపెట్టాడు. దాంతో ఒక ఎత్తుకూ మరో ఎత్తుకూ మధ్య వారాల వ్యవధి వచ్చింది. ఆ వారాల్లో నడిచే ఉత్తరాలే అసలు ఆట అయ్యాయి. ఇంగ్లండ్‌లో టోనీ బాత్ నడిపిన హైబోరియా క్యాంపెయిన్‌లో బొమ్మ సైన్యాల యుద్ధాల నడుమ రాజులకూ సేనానులకూ సొంత జీవితాలు ఉండేవి. ఆ అనుభవంతో ఆయన 1973లో యుద్ధక్రీడల క్యాంపెయిన్ ఎలా నడపాలో ఒక పుస్తకమే రాశాడు.

డౌన్‌టైమ్ ప్రణాళికకు అసలైన పూర్వీకురాలు 1975లో జీడీడబ్ల్యూ సంస్థ ప్రచురించిన ఆన్ గార్డ్. కత్తియుద్ధాల నియమాలకు అనుబంధంగా పుట్టిన ఈ ఆట 17వ శతాబ్దపు పారిస్‌లో జరుగుతుంది. నెలకు నాలుగు వారాలు. ఏ వారం ఏం చేయాలో ఆటగాడు నెల మొదలుకాకముందే రాసివ్వాలి. ఒక వారం క్లబ్బులో జూదం, ఒక వారం కత్తి సాధన, ఒక వారం ప్రియురాలి ఇంటి చుట్టూ ప్రదక్షిణలు, మరో వారం స్నేహితులతో తాగుడు. ఎవరు ఏం రాశారో రెండోవారికి తెలియదు కాబట్టి, ఒకే స్త్రీని కోరుకున్న ఇద్దరు ఒకే వారం ఆమె గుమ్మంలో ఎదురుపడవచ్చు, పడని రెజిమెంట్ల వారు ఒకే క్లబ్బులో తారసపడవచ్చు. అక్కడి నుంచి ద్వంద్వయుద్ధమే. ఎవరికి వారు విడివిడిగా రాసుకున్న ప్రణాళికలు ఒకదానికొకటి తగిలినప్పుడు కథ దానంతట అదే పుడుతుందని ఇంత సొగసుగా చూపిన ఆట అంతకుముందు లేదు.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో కూడా సెషన్ల నడుమ కాలం గడుస్తుందన్న ఆలోచన ఉంది. 1979 నాటి డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో గైగాక్స్ క్యాంపెయిన్‌లో కాలం లెక్క పక్కాగా ఉంచాలని గట్టిగా చెప్పాడు. ఆట లేని రోజుల్లో బయట ఒక రోజు గడిస్తే లోపల కూడా ఒక రోజు గడిచినట్టే చూడమన్నాడు. 1985లో గ్రెగ్ స్టాఫర్డ్ పెండ్రాగన్ అనే ఆటలో ప్రతి ఏడాది చివర శీతకాలపు ఘట్టం పెట్టి, పెళ్లిళ్లు, పిల్లలు, పంటలు అందులో తేల్చాడు. 1987లో జోనథన్ ట్వీట్, మార్క్ రీన్-హేగన్ రూపొందించిన ఆర్స్ మాజికా మాంత్రికుల జీవితాన్ని రుతువులుగా విభజించింది: ఒక రుతువు చదువుకు, ఒకటి ప్రయోగశాలకు. ఆ మరుసటి ఏడాది ఆరన్ ఆల్‌స్టన్ తన స్ట్రైక్ ఫోర్స్ పుస్తకంలో బ్లూబుకింగ్ పద్ధతిని వివరించాడు. అమెరికా కాలేజీల్లో పరీక్షలకు వాడే నీలి అట్ట పుస్తకాల్లో ఆటగాళ్లు తమ పాత్రల ఏకాంత ఘట్టాలు, ఉత్తరాలు రాసి ఆట నడిపేవారికి ఇచ్చేవారు. లెక్కలకు లొంగని మనసు సంగతులకు ఇది చోటిచ్చింది.

తొలి లార్ప్‌లు

1982లో ఇంగ్లండ్‌లోని చెషైర్‌లో, పెక్‌ఫర్టన్ కోటలో ట్రెజర్ ట్రాప్ మొదలైంది. కోటలోకి దిగి, రాక్షసులతో పోరాడి, బయటికొచ్చి అనుభవ పాయింట్లు రాయించుకోవడమే అందులో ప్రధానం. దాదాపు అదే కాలంలో హార్వర్డ్ విద్యార్థులు స్థాపించిన సొసైటీ ఫర్ ఇంటరాక్టివ్ లిటరేచర్ ఆటలు ఒకే వారాంతంలో ముగిసేవి కాబట్టి వాటికి డౌన్‌టైమ్ అక్కరలేదు. 1980లలోనే మసాచుసెట్స్‌లో పుట్టిన నీరో, దాని తోవలో వచ్చిన మెత్తని ఆయుధాల లార్ప్‌లు క్యాంపెయిన్ పద్ధతినే ఎంచుకున్నాయి. ఈ తరహా ఆటల్లో సెషన్ల మధ్య వాడుకునే నైపుణ్యాలు, ముఖ్యంగా సమాచారం రాబట్టేవి, క్రమంగా స్థిరపడ్డాయి.

వాంపైర్ యుగం

డౌన్‌టైమ్‌ను లార్ప్‌కు వెన్నెముకగా మార్చినది రక్తపిశాచుల ఆట. మార్క్ రీన్-హేగన్ 1991లో రూపొందించిన వాంపైర్: ది మాస్కరేడ్‌కు వైట్ వుల్ఫ్ సంస్థ 1993లో మైండ్స్ ఐ థియేటర్ పేరుతో లార్ప్ రూపం ఇచ్చింది. కత్తులు లేవు, ఒకరినొకరు తాకడం లేదు; తగవు వస్తే రాయి-కాగితం-కత్తెర. ఆధునిక నగరంలో రాత్రిపూట సభ తీరే పిశాచుల కొలువులో ప్రిన్స్, అతని సలహాదారులు, వంశాలు, పాత పగలు ఉంటాయి. పాత్రలు రాజకీయ జీవులు కాబట్టి వారి బలం కండల్లో కంటే నగరంపై వారికున్న పట్టులో ఉంటుంది.

ఆ పట్టుకు నియమాల్లో ఇన్‌ఫ్లుయెన్స్ అని పేరు. పోలీసు, న్యాయస్థానాలు, పత్రికలు, వైద్యం, రవాణా, ఆర్థిక రంగం, చర్చి, విశ్వవిద్యాలయం, నేరలోకం, వీధి, సంపన్న సమాజం వంటి రంగాలుగా దాన్ని విభజించారు. ఒక్కో రంగంలో స్థాయి పెరిగే కొద్దీ చేయగల పని పెద్దదవుతుంది: అడుగున చిన్న సమాచారం, పైన ఒక సంస్థనే కదిలించడం. ఇవన్నీ సెషన్ల నడుమ చేసే పనులు. పట్టు పెంచుకోవడం, ఎదుటివారి పట్టును దెబ్బతీయడం, ఎవరు ఏ రంగాన్ని కదిపారో జాడ తీయడం, ఒక రంగంపై కాపు కాయడం, తన పనిని దాచడం చాలా బృందాల్లో నిత్యకృత్యమయ్యాయి.

ఒక నగరం ఆట ఎలా సాగుతుందో ఊహిస్తే ఈ ఏర్పాటు విలువ తెలుస్తుంది. ఒక పాత్ర తన పోలీసు పలుకుబడితో హత్య కేసు ఫైలు మాయం చేయిస్తుంది. అదే వారంలో ఇంకో పాత్ర పత్రికల పలుకుబడితో ఆ హత్యను మొదటి పేజీకి ఎక్కిస్తుంది. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఆట నడిపే స్టోరీటెల్లర్ బల్ల మీద రెండు కాగితాలూ పక్కపక్కన చేరినప్పుడు మూడో సంగతి తేలుతుంది: ఫైలు ఎందుకు లేదని నిలదీసే ఒక మొండి విలేకరి. మరుసటి సెషన్‌లో మొదటి పాత్రకు ఒక కవరు అందుతుంది. ఎవరు తన వెంట పడ్డారో తెలుసుకోవాలంటే సభలో నలుగురినీ పలకరించాలి, ఎవరికో ఒకరికి బాకీ పడాలి. కాగితం మీది చర్య మనుషుల మధ్య సంభాషణగా మారే ఈ మలుపే మైండ్స్ ఐ థియేటర్ లార్ప్‌కు ఇచ్చిన గొప్ప కానుక.

1997లో వచ్చిన లాస్ ఆఫ్ ది నైట్ పుస్తకం ఈ నియమాలను మరింత విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చింది. కమరిల్లా అనే అభిమానుల సంఘం, వన్ వరల్డ్ బై నైట్ అనే కూటమి అనేక నగరాల ఆటలను ఒకే కథాలోకంలో కలిపాయి. అప్పుడు ఒక ఊరి డౌన్‌టైమ్ మరో ఊరి ఆటను తాకింది. స్టోరీటెల్లర్లపైన సమన్వయకర్తలు, అనుమతులు, దస్త్రాలు వచ్చాయి. ముప్పై నలభై మంది ఆటగాళ్లు తలా అయిదారు చర్యలు రాసిస్తే, అన్నిటినీ చదివి తేల్చడానికి నిర్వాహకుల తీరిక సమయమంతా కరిగిపోయేది. అందుకే సెషన్‌కు ఇన్ని చర్యలేనని పరిమితి, గడువు తేదీ, ఒక్కో చర్యకు మాటల పరిమితి రివాజుగా మారాయి. బై నైట్ స్టూడియోస్ 2013లో తెచ్చిన కొత్త వాంపైర్ లార్ప్ పుస్తకం కూడా డౌన్‌టైమ్ చర్యలను లెక్కపెట్టి ఇచ్చే దారినే నడిచింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విద్యార్థి సంఘాల ఆటల్లో ఇదే పని టర్న్‌షీట్ పేరుతో జరుగుతుంది.

ఎంపైర్: పొలాలు, గనులు, సైన్యాలు

బ్రిటన్‌లో ప్రొఫౌండ్ డెసిషన్స్ సంస్థ 2013లో ప్రారంభించిన ఎంపైర్ అనే లార్ప్ వాంపైర్ ఆటలకు భిన్నమైన మార్గం పట్టింది. పది జాతుల సామ్రాజ్యం; ఏడాదికి నాలుగు పెద్ద ఈవెంట్లు; ఒక్కో ఈవెంట్ కథాలోకంలో ఒక విషువత్తు లేదా అయనం, అంటే ఈవెంట్‌కు ఈవెంట్‌కు మధ్య ఒక రుతువు. ప్రతి పాత్రకూ ఒక జీవనాధారం ఉంటుంది: పొలం, గని, అడవి, వ్యాపారం, మూలికల తోట, మంత్రశక్తి చోటు, భక్తబృందం, ఓడల జట్టు, లేదా సైనిక దళం. వేలమంది ఆడే ఆటలో ఒక్కొక్కరి సొంత కథను నిర్వాహకులు రాయడం కుదరదు కాబట్టి, ఆటగాడు జాబితాలోంచి ఎంచుకుంటాడు. దళపతి తన దళాన్ని సామ్రాజ్య సైన్యానికి తోడుగా పంపవచ్చు, కోటకు కాపు పెట్టవచ్చు, లేదా కిరాయి పనికి పంపి డబ్బు తెచ్చుకోవచ్చు. ఓడలున్నవాడు ఏ విదేశీ రేవుకు వెళ్లాలో తేల్చుకుంటాడు.

ఈ చిన్న ఎంపికలు కలిసి పెద్దవవుతాయి. ఎంతమంది దళపతులు ఏ సైన్యానికి అండగా నిలిచారన్న దాన్ని బట్టి సేనానుల ఆదేశాలు ఫలిస్తాయి, సరిహద్దులు జరుగుతాయి. ఆ ఫలితాలను తర్వాతి ఈవెంట్‌కు ముందు అందరూ చదివే సుదీర్ఘ కథనాలుగా వెలువరిస్తారు. ముఖ్యమైన పనులన్నీ మైదానంలోనే, ముఖాముఖిగానే జరగాలన్నది ఈ ఏర్పాటు వెనుక ఉన్న నిర్ణయం. డౌన్‌టైమ్ మైదానానికి సరుకు సమకూరుస్తుందే తప్ప దాని చోటు ఆక్రమించదు. వేలమంది ఆటకు ఇంతకంటే న్యాయమైన పద్ధతి దొరకడం కష్టం.

నార్డిక్ దేశాలు

1997లో ఓస్లోలో మొదలైన క్నూటెపుంక్ట్ సమావేశాల చుట్టూ ఎదిగిన నార్డిక్ లార్ప్ ఎక్కువగా ఒక్కసారి ఆడి ముగించేది. అక్కడ ప్రణాళిక ఆటకు ముందు జరిగే వర్క్‌షాపుల్లోనూ, అంకాల మధ్య విరామాల్లోనూ సాగుతుంది. 2006లో స్టాక్‌హోమ్‌లో అయిదు వారాల పాటు జరిగిన మొమెంటమ్ ఆటనూ దైనందిన జీవితాన్నీ కలిపేసి, విరామం అన్నదాన్నే తీసేయడానికి చేసిన ప్రయత్నం.

ప్రణాళిక రాసే తీరు

బృందాల నియమాలు వేరైనా, మంచి డౌన్‌టైమ్ ప్రణాళికకు ఉండవలసినవి అనుభవంలో తేలాయి: ఏం కావాలి, దాన్ని ఎలా సాధిస్తాను, ఏ వనరు ఖర్చుపెడతాను, కుదరకపోతే ఏం చేస్తాను. ‘నగరంలో శత్రువుల గురించి తెలుసుకుంటాను’ అని రాస్తే స్టోరీటెల్లర్ చేతిలో ఏమీ ఉండదు. ‘రేవులో కూలీల మేస్త్రీకి డబ్బిచ్చి, పోయిన వారం రాత్రిపూట దించిన పెట్టెలు ఎవరి గోదాముకు చేరాయో అడుగుతాను, అతను నోరు విప్పకపోతే గోదాము కాపలావాణ్ణి తాగించి రాబడతాను’ అని రాస్తే మేస్త్రీ, కాపలావాడు, పెట్టెలు అన్నీ కథలోకి వచ్చేస్తాయి. ఓడిపోయినా ఆటగాడికి కొత్త దారి దొరుకుతుంది, ఎందుకంటే కాపలావాడు ఎవరికి ఫిర్యాదు చేశాడన్నది తర్వాతి సెషన్ సంగతి.

ఇద్దరు ముగ్గురు ఆటగాళ్లు కలిసి ఒకే పని రాసుకోవడాన్ని చాలామంది నిర్వాహకులు ప్రోత్సహిస్తారు; చదవవలసిన కాగితాలు తగ్గుతాయి, సెషన్‌లో వారు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి కారణం దొరుకుతుంది. ఒక ఆటగాడి పాత్రను మరో ఆటగాడు డౌన్‌టైమ్‌లో చంపడాన్ని పలు బృందాలు అనుమతించవు. ఎదుటివాడు గదిలోనే లేని చోట అతని ఆట ముగిసిపోవడం అన్యాయమన్నది దానికి కారణం. తీరిక ఎక్కువున్నవాడు పేజీలకు పేజీలు రాసి లాభపడకుండా, పిల్లలను చూసుకుంటూ మూడు వాక్యాలు మాత్రమే రాయగలిగిన ఆటగాడికీ అంతే బరువు దక్కేలా చూడడం నిర్వాహకుల బాధ్యతగా గుర్తింపు పొందింది. తాను కూడా పాత్ర వేసే స్టోరీటెల్లర్ ఆ పాత్రకు సంబంధించిన ప్రణాళికలను సహ నిర్వాహకుడికి అప్పగించడం మర్యాద.

ఫలితాలు అందించే తీరుల్లో వ్యక్తిగత ఉత్తరం, సెషన్ మొదట్లో పంచే వదంతుల జాబితా, కథాలోకపు వార్తాపత్రిక ప్రధానమైనవి. 2020లో కోవిడ్ వల్ల ముఖాముఖి ఆటలు ఆగినప్పుడు పలు బృందాలు వీడియో కాల్స్‌లోనూ, డిస్కార్డ్ వంటి వేదికలపైనా ఆట కొనసాగించాయి. అలాంటి చోట్ల సెషన్‌కూ డౌన్‌టైమ్‌కూ మధ్య గీత పలచబడింది. మైదానాలు మళ్లీ తెరుచుకున్నాక కూడా కొందరు, ప్రణాళికలో రాసిన చిన్న మంతనాలను సెషన్‌కు ముందే ఇద్దరిద్దరుగా ఫోన్లో ఆడేసుకుని, తేలిన విషయాన్ని ఒక్క వాక్యంలో స్టోరీటెల్లర్‌కు తెలియజేస్తున్నారు.