పాటిమన్ను

మా ఊరికి తూర్పున, కాలవ దాటాక ఒక దిబ్బ ఉండేది. నేను చూసేటప్పటికే దాని ఎత్తు మనిషి నడుం దాకా మిగిలింది. వాన పడ్డ మర్నాడు మేం పిల్లలం అక్కడికి పోయి పూసలు, పెంకులు, అరిగిపోయిన సున్నపు గవ్వలు ఏరుకునేవాళ్ళం. నాయనమ్మ దాన్ని 'పాతూరు' అనేది. ఆ పాతూరిలో ఎవరుండేవారని అడిగితే, 'ఎవరో, మనలాంటోళ్ళే' అనేది. ఇప్పుడక్కడ దిబ్బ లేదు, వరిమడి ఉంది. ఎవరో పనిగట్టుకుని దాన్ని కూల్చలేదు. రెండు మూడు తరాల రైతులు బండ్ల మీద కొంచెం కొంచెంగా పొలాలకు తోలుకున్నారు. ఆ మట్టి పేరు పాటిమన్ను.

ఒంగోలు చుట్టూ మద్దిపాడు, నాగులుప్పలపాడు, సంతనూతలపాడు అని ఎన్ని పాడులో! ఊరికీ పాడే, పాడుబడిన చోటికీ పాడే. ఆ రెండూ ఒకే మాట అవునో కాదో పండితులకు వదిలేద్దాం. విభక్తి దగ్గరకొచ్చేసరికి రెండూ 'పాటి' అవుతాయి. నూతలపాటి వారు అంటే ఒక ఊరివాళ్ళు. పాటిదిబ్బ అంటే ఊరు పోయాక మిగిలింది.

ఊళ్ళు పోవడానికి మనకు కారణాలు తక్కువా? దండులు, కలరా, ఉప్పెన. 1832-33లో వచ్చిన నందన కరువు, జనం నోట డొక్కల కరువు, పక్కనున్న గుంటూరు జిల్లాలో ఐదు లక్షల మందిలో లక్షన్నర నుంచి రెండు లక్షల మందిని తీసుకుపోయింది. మా దిబ్బ అంతకంటే చాలా పాతదే కావచ్చు. అయినా 'డొక్కల కరువు' అన్న మాట ఎక్కడ చదివినా నాకు ఆ పెంకులే గుర్తొస్తాయి.

ఆ మట్టిలో ఏముందంటే, వంటచెరుకు బూడిద, ఎముకలు, పశువుల పేడ, మూత్రం, మనుషుల మలం, కుళ్ళిన గడ్డికప్పులు. ఎముకల్లో భాస్వరం, బూడిదలో పొటాష్. పేడా మూత్రాల్లోని నత్రజని ఏళ్ళ తరబడి సూక్ష్మజీవుల చేతుల్లో పడి నైట్రేటుగా మారుతుంది. ఇలాంటి మన్నునే నీళ్ళలో నానబెట్టి, వడగట్టి, కాచి సూరేకారం తీసేవారు. అంటే తుపాకిమందుకూ మిరపతోటకూ సరుకు ఒకచోటే దొరికేది. మా నల్లరేగడిలో నీరు నిలుస్తుంది, పొటాష్ బాగానే ఉంటుంది. కరువల్లా నత్రజనికి. ఇక భాస్వరాన్ని నేలలోని సున్నం పట్టుకుని అంత తేలిగ్గా వదలదు. రసాయనశాస్త్రం చదవని మా తాతలు ఆ రెండూ ఉన్న మట్టిని వెతికి పట్టుకున్నారు. మిరపకూ పొగాకుకూ వరి నారుమడికీ ముందు పాటిమన్ను, మిగిలితే మెట్ట చేలకు. ఆ వరస నాయన చెప్పిందే.

ఈ పని మనమొక్కళ్ళమే చెయ్యలేదు. ఈజిప్టులో పాత ఊళ్ళ దిబ్బల మట్టిని 'సెబాఖ్' అంటారు. నైలు రైతులు దాన్ని గాడిదల మీద పొలాలకు తోలుకునేవారు. 1887లో ఒక పల్లెటూరి ఆవిడ అలా తవ్వుతుంటేనే మట్టిపలకలు బయటపడ్డాయనీ, అవే అమర్నా లేఖలనీ చెబుతారు. మూడు వేల ఏళ్ళకు పైబడిన రాజుల ఉత్తరాలు! ఆవిడకు కావలసింది మాత్రం ఎరువు. చరిత్రకారులు ఈ రైతుల్ని తిట్టుకుంటూనే వాళ్ళ పలుగుల వెనకాల నడిచారు.

మన దగ్గర దిబ్బల కథ ఇంకోలా నడిచింది. అమరావతి దీపాలదిన్నెను వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు ఇటుకల కోసం తవ్వారు. 1797లో మెకంజీ వచ్చి చూశాడు. ఆ రాళ్ళు తర్వాత మద్రాసుకూ లండనుకూ చేరాయి. భట్టిప్రోలు స్తూపం ఇటుకలు రోడ్లకూ కాలవ పనులకూ పోగా, 1892లో అలెగ్జాండర్ రీ మిగిలినదాన్ని తవ్వి బ్రాహ్మీ అక్షరాలున్న ధాతుపేటికలు తీశాడు. రాళ్ళకు లెక్కుంది, గాజు అద్దాల వెనక నంబర్లున్నాయి. మట్టికి అవేవీ లేవు. అది మిరపకాయై, వరిగింజై, మనమై పోయింది. దీనికి బాధపడాలా, సంతోషపడాలా అన్నది నాకు ఇప్పటికీ తేలదు. ఒక ఊరు ఇంకో ఊరికి తిండి పెట్టింది గదా అనిపిస్తుంది. ఆ పూసలు దాచుకునుంటే బాగుండేదనీ అనిపిస్తుంది.

పాటిమన్ను తరిగిపోయే సరుకు. ఏటేటా పుట్టేది పెంట. గొడ్లచావిడి ఊడ్చి పెంటదిబ్బ మీద పొయ్యడం, వేసవిలో చేలకు తోలడం, కోత అయ్యాక గొర్రెల మంద కట్టించడం, తొలకరికి జీలుగో జనుమో పిల్లిపెసరో చల్లి పూతకు రాగానే కలియదున్నడం. ఇదీ పద్ధతి. బ్రిటిష్ ప్రభుత్వం పంపితే 1889లో మన దేశానికొచ్చిన వోల్కర్ అనే రసాయనశాస్త్రవేత్త, 1893లో అచ్చయిన తన నివేదికలో, ఇక్కడి మంచి రైతుకు సేద్యం నేర్పాల్సిన పని లేదన్నట్టే రాశాడు. అతని బాధంతా పిడకల మీద. పొయ్యిలోకి కట్టెలు లేక పేడ కాలుస్తున్నారు, ముందు వంటచెరుకు అడవులు పెంచండి అన్నాడు.

ఇక ఒంగోలు గిత్త. బ్రెజిల్ గొడ్లలో అత్యధిక భాగం మన జాతివే. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండబట్టి అక్కడ దాన్ని 'నెలోరే' అంటారు. మనం దాని మూపురాన్నీ నడకనీ పొగుడుతాం, తిరునాళ్ళలో బండలు లాగిస్తాం, వాట్సాప్ స్టేటస్ పెడతాం. దాని పేడను మాత్రం ఎవరూ పొగడరు. పంటకు అక్కరకొచ్చింది మూపురం కంటే పేడే.

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ నీళ్ళు వదిలారు. కుడికాలవ గుంటూరు మీదుగా ఒంగోలు దాకా వచ్చింది. జొన్న, వరిగ పండిన చేలలోకి వరి దిగింది. ఎవరూ కాదనలేని మేలది, మా నాయన చదువు ఆ వరిగింజల మీదే నడిచింది. కాకపోతే బీళ్ళు మళ్ళయ్యాయి, మేత తగ్గింది. ట్రాక్టరొచ్చాక ఎడ్లు పోయాయి, ఎడ్లతోపాటే పెంటా పోయింది. ఆ ఖాళీని బస్తా పూడ్చింది. 2010లో కేంద్రం పోషకాల ఆధారంగా సబ్సిడీ విధానం తెచ్చినప్పుడు యూరియాను అందులోంచి మినహాయించింది. భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలు పెరిగాయి, యూరియా చవగ్గానే ఉండిపోయింది. రెండెకరాల రైతు ఏది ఎక్కువ చల్లుతాడో చెప్పాలా? పైరు పచ్చగా కనపడుతుంది, కింద మట్టి బిగుసుకుపోతుంది.

2015లో భూసార పరీక్ష కార్డులొచ్చాయి. పన్నెండు అంశాలు కొలుస్తారు. మా చేనికీ ఒకటుంది. అందులో సేంద్రియ కర్బనం తక్కువనీ, జింకు తక్కువనీ ఉంది. మాగాణిలో రెండున్నర హెక్టార్లకు, అంటే ఆరెకరాలకు పైచిలుకు, ఒక నమూనా చొప్పున తియ్యమన్నారు. కాబట్టి ఆ మట్టి మాదో మా పక్కవాళ్ళదో దేవుడికెరుక. పేరు మాత్రం నాది. నేనుండేది హైదరాబాదులో. చేసేది కౌలుదారు.

ఆయన్ని బాబాయ్ అంటాను. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు కార్డు చూపించి, ఈసారి జీలుగ చల్లి, చెరువుమట్టి తోలిద్దాం బాబాయ్ అన్నాను. యూట్యూబులో ప్రకృతి వ్యవసాయం వీడియోలు చూసిన ఉత్సాహం, ఒప్పుకుంటాను. ఆయన బీడీ పారేసి నిదానంగా అన్నాడు: "జీలుగంటే సరే అబ్బాయ్, ఆ ఏడే పంటకొస్తది. చెరువుమట్టి మూడేళ్ళు పనిచేస్తది. మూడేళ్ళు నేనుంటానా?"

నా దగ్గర జవాబు లేదు. కౌలు ఏటేటా మాట్లాడేది నేనే. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం యజమాని సంతకంతో పదకొండు నెలల ఒప్పందం రాసుకోవచ్చు. పంటరుణానికీ బీమాకూ ఆ కాయితం ఆధారం. మేం అదీ రాయలేదు, 'ఎందుకొచ్చిన గొడవ' అని ఊరంతా అనుకునే మాటే మేమూ అనుకున్నాం. రాసినా పదకొండు నెలలేగా! జీలుగ చల్లి కలియదున్ని, వరి కోసి, దాని వెనక మినుము తీసేసరికి గడువైపోతుంది. మట్టిలో కర్బనం ఒక పిసరు పెరగాలన్నా ఏళ్ళు కావాలి. దిబ్బ కింద జనాలు వందల ఏళ్ళు ఒకేచోట పొయ్యి వెలిగించబట్టే కదా పాటిమన్ను తయారైంది.

2015-16లో మన రాష్ట్రంలో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. నవధాన్యాల విత్తనాలు వానలకు ముందే చల్లి నేలను ఏడాదంతా పచ్చగా కప్పి ఉంచమంటారు వాళ్ళు. మంచి మాట, తాతల మాటకు దగ్గరి మాట. బాబాయ్ కూడా విన్నాడు. "సొంత చేనైతే చేద్దును" అన్నాడు.

అమెరికాలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి మూడేళ్ళకు కాయితం రాసిద్దాం అన్నాను. 'పొలం పోతుంది రా అన్నా' అన్నాడు. వాడి భయం కొత్తది కాదు, నాలోనూ ఉంది. బాబాయ్‌కి నోటిమాట ఇచ్చాను. "నోటిమాటకు మట్టి తోలమంటావా?" అని నవ్వాడు.

మే నెలలో చెరువులో పొక్లెయిన్ దిగింది. నలభై ట్రక్కులు తోలించాం. బాడుగ సగం నాది, సగం ఆయనది. మట్టి విరజిమ్ముతుంటే ఒక నల్ల పెంకుముక్క కనపడితే ఆయన తీసి నా చేతిలో పెట్టాడు. కాయితం ఇంకా రాయలేదు.