తుమ్మబంక నుంచి బంగాళాదుంప దాకా: నరంలోకి ఎక్కించిన పిండి కథ

పోయినేడాది మా పెదనాన్నకి సెప్సిస్ వచ్చి ఐసీయూలో ఉన్నాడు. అప్పుడే మా ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. పుట్టగొడుగుల్లోని పాలీశాకరైడ్లు కిడ్నీలను కాపాడతాయట, నేచురల్ కాబట్టి నష్టమేమీ ఉండదట. "ఆ పౌడర్ తెప్పించమంటావారా?" అని పెద్దమ్మ అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి చదవడం మొదలుపెట్టాను. ఈరోజు చెప్పబోయేది అదే.

సెప్సిస్ అంటే, ఇన్ఫెక్షన్‌తో పోరాడాల్సిన మన ఒళ్లే అదుపు తప్పి సొంత అవయవాలను దెబ్బతీయడం. రక్తనాళాలు లీకవుతాయి, బీపీ పడిపోతుంది, కిడ్నీలు పని మానేస్తాయి. ఇక పాలీశాకరైడ్ అంటే చక్కెర అణువుల పొడవాటి గొలుసు. గంజిలో ఉండే పిండి అదే, చెట్టు బంకలో ఎక్కువ భాగం కూడా అదే.

ఇప్పుడు మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్దాం. రక్తం పోయి సైనికులు షాక్‌లోకి వెళ్తున్నారు. ఉప్పునీళ్లు ఎక్కిస్తే నాళాల్లో ఎంతోసేపు నిలవట్లేదు. బ్రిటిష్ శాస్త్రవేత్త విలియం బేలిస్ ఒక ఉపాయం చెప్పాడు: అందులో గమ్ అకేషియా కలపండి. మన తుమ్మబంకకి దగ్గరి చుట్టమే అది. అణువులు పెద్దవి కాబట్టి నాళం దాటిపోవు, నీళ్లను లోపలే పట్టి ఉంచుతాయి. ఐడియా బాగుంది కదా? కానీ ఆ బంక లివర్‌లో పేరుకుపోతోందని తర్వాత తేలింది.

1940ల్లో స్వీడన్ నుంచి డెక్స్‌ట్రాన్ వచ్చింది. బాక్టీరియా చక్కెరను తిని తయారుచేసే జిగురు అది. దాంతో కొందరికి అలర్జీలు. ఆ తర్వాత మొక్కజొన్న, బంగాళాదుంప పిండిని రసాయనికంగా కొంచెం మార్చి హెచ్‌ఈఎస్ అనే సెలైన్ చేశారు. ఐసీయూల్లో ఏళ్ల తరబడి వాడారు.

2012లో డెన్మార్క్, నార్వే, ఫిన్లాండ్, ఐస్‌లాండ్ డాక్టర్లు తీవ్రమైన సెప్సిస్ ఉన్న 798 మంది ఫలితాలు బయటపెట్టారు. 90 రోజుల్లో హెచ్‌ఈఎస్ ఎక్కించినవాళ్లలో 51 శాతం చనిపోయారు, మామూలు రింగర్స్ సెలైన్ ఎక్కించినవాళ్లలో 43 శాతం. డయాలసిస్ లాంటి కిడ్నీ చికిత్స అవసరమైంది 22 శాతానికి, ఇటు 16 శాతానికి. కాపాడుతుందని ఎక్కించిందే కిడ్నీని దెబ్బతీసింది! 2022లో యూరప్ దాని అమ్మకాలు నిలిపేసింది.

అలాగని పాలీశాకరైడ్లన్నీ చెడ్డవని కాదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ కూడా పాలీశాకరైడే, పంది పేగుల నుంచి తీస్తారు. కాకపోతే దాన్ని కొలిచి, రక్తపరీక్షలు చూసుకుంటూ ఇస్తారు. పుట్టగొడుగుల మీద ఎలుకల్లో పరిశోధనలు జరుగుతున్నాయి, జరగనివ్వండి. ఎలుక బతికితే మనిషి బతికినట్టు కాదు.

మేం ఆ పౌడర్ కొనలేదు. పెదనాన్న ఇంటికొచ్చాడు. ఆయన్ని నిలబెట్టింది టైమ్‌కి పడిన యాంటీబయాటిక్స్, కొన్నాళ్ల డయాలసిస్. మీ ఇంట్లో ఎవరికైనా జ్వరంతోపాటు ఆయాసం, తికమక మాటలు, మూత్రం తగ్గడం కనిపిస్తే ఫోన్‌లో వెతుకుతూ కూర్చోకండి. ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఉంటాను మరి.