సరిహద్దు పల్లెల్లో రెండు సంవత్సరాదులు

చైత్ర, వైశాఖ మాసాలు వసంత ఋతువు. చైత్ర శుద్ధ పాడ్యమినాడు ఉగాది. బళ్లారి, కోలారు పల్లెల్లో తెలుగువారు ఆరు రుచుల పచ్చడిని, కన్నడిగులు బేవుబెల్లాన్ని ఆనాడే స్వీకరిస్తారు. హోసూరు, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగు కుటుంబాలకూ అదే పండుగ. వారి పొరుగున ఉన్న తమిళులకు, ఒడియాలకు సంవత్సరాది మేష సంక్రమణం, అనగా ఏప్రిల్ 14 ప్రాంతం.

ఉగాది చాంద్రమానాన్ని అనుసరిస్తుంది. రైతు వానను లెక్కించే 27 కార్తెలు సూర్యగమనాన్ని బట్టి ఏర్పడినవి. మేష సంక్రమణంనాడే సూర్యుడు అశ్వినిలో ప్రవేశిస్తాడు. తొలి కార్తె అదే. కనుక తెలుగు రైతు పండుగ కన్నడిగులతోను, వానల లెక్క తమిళ, ఒడియా సోదరుల సంవత్సరాదితోను ఆరంభమవుతాయి.

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో మేఘాధిపతి, సస్యాధిపతుల ఫలం వింటారు. పలు పల్లెల్లో అరకను పూజించి తొలి చాలు దున్నుతారు. ఎద్దులు లేనిచోట ట్రాక్టరుకే పసుపు కుంకుమలు. అశ్విని, భరణి జల్లులకు వేసవి దుక్కి సాగుతుంది. కలుపు వేర్లు, నేలలోని పురుగులు ఎండకు నశిస్తాయి. భూమి తొలకరి నీటిని పీల్చుకొంటుంది.

కన్నడ రైతులకూ కార్తెల పేర్లు ఇవే. గట్టుకు ఇరువైపులా దుక్కి మాట ఒక్కటే. బడిలో ఏ భాష చదివే పిల్లలకైనా ఈ పేర్లు ఇంటివద్దనే అందవలసి ఉన్నది.