దారి పడిన కొండలు: ఉక్కునగరం చుట్టూ పాత ఆనవాళ్లు

గాజువాక ఆటోనగర్ నుంచి జాతీయ రహదారి పట్టుకుని పడమరకు పోతే అనకాపల్లి పక్కన శంకరం బౌద్ధారామం వస్తుంది. నగరం దాటి ఉత్తరంగా సముద్రం ఒడ్డునే పోతే తొట్లకొండ, బావికొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలిలో పావురాలకొండ ఉన్నాయి. మన్యం కొండలెక్కితే అనంతగిరిలో బొర్రా గుహలు. ఇన్ని ఉన్నా విశాఖపట్నం వచ్చిన యాత్రికులు ఎక్కువగా చూసి వెళ్లేది రామకృష్ణా బీచ్, కైలాసగిరి, సింహాచలం, వీలు చిక్కితే అరకు. మిగతా చోట్లకు జనం బళ్లు కట్టుకుని రావడం గత కొన్ని దశాబ్దాల ముచ్చటే. అంతకు ముందు వాటిని చాలావరకు కాపాడింది చట్టం కాదు, దారి లేకపోవడం. దారి పడ్డాక చూడవచ్చిన వాళ్లతో పాటు, ఒక్కోచోట వాళ్లకన్నా ముందే, తవ్వుకుపోయేవాళ్లూ వచ్చారు. యాత్రా బస్సుకు కమాన్ కట్టలు బిగించే ఆటోనగర్ వీధుల్లోనే టిప్పర్లకూ ప్రొక్లెయిన్లకూ మరమ్మతులు జరుగుతాయి. ఈ స్థలాల చరిత్రలో ఆ రెండు రకాల బళ్లకూ పాత్ర ఉంది.

శంకరం దగ్గర తూర్పున ఉన్నది బొజ్జన్నకొండ, పడమరన ఉన్నది లింగాలకొండ. సుమారు తొమ్మిదో శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధం సాగింది. హీనయాన, మహాయాన, వజ్రయాన దశలు మూడూ ఈ రాళ్ల మీదుగానే నడిచాయి. బొజ్జన్నకొండ నెత్తిన కొండరాతినే గుండ్రంగా మలిచి, పైన ఇటుక పేర్చిన పెద్ద స్తూపం ఉంది. కింది వాలులో తొలిచిన గుహలు ఉన్నాయి. ప్రధాన గుహ లోపల నలుపలకల స్తంభాల నడుమ ఏకశిలా స్తూపం నిలిచి ఉంటుంది. వాకిలికి అటూ ఇటూ ద్వారపాలకులు, పైన కూర్చున్న బుద్ధుడు కనిపిస్తారు. లింగాలకొండ మీద చిన్నా పెద్దా స్తూపాలను రాతిలోంచే చెక్కి వరుసలుగా నిలబెట్టారు. ఊరివాళ్ల కంటికి అవి శివలింగాలే. ఆ పొరపాటు వాటికి మేలే చేసి ఉంటుంది. లింగాన్ని పగలగొట్టి కంకర చేసుకునేవాడు ఎక్కడో గానీ ఉండడు.

మద్రాసు–కలకత్తా రైలుమార్గం అనకాపల్లి మీదుగా పడిన కొద్దికాలానికే, 1906-08 మధ్య, పురావస్తు శాఖ దక్షిణ విభాగపు అధికారి అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. సముద్రగుప్తుడి బంగారు నాణెం, తూర్పు చాళుక్య రాజు కుబ్జ విష్ణువర్ధనుడి రాగి నాణేలు బయటపడ్డాయి. శంకరం ఒక రకంగా అదృష్టం చేసుకుంది. అమరావతి స్తూపాన్ని కాలిన్ మెకంజీ 1797లో చూసేసరికే రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కొత్త ఊరి కట్టడాల కోసం ఇటుకలు, శిలాఫలకాలు తరలిపోతున్నాయి. కొన్ని ఫలకాలు సున్నం బట్టీల్లో కాలిపోయాయి. మిగిలినవాటిలో ఎన్నో మద్రాసుకూ లండన్‌కూ చేరాయి. శంకరం తవ్వకాల నాటికి 1904 నాటి ప్రాచీన కట్టడాల పరిరక్షణ చట్టం వచ్చేసింది. పైగా ఇక్కడి శిల్పం కొండలో భాగం, ఊడదీసి ఓడ ఎక్కించేది కాదు.

తీసుకుపోలేకపోయినా కొట్టవచ్చు. కనుమ నాడు చుట్టుపక్కల ఊళ్ల జనం వేలాదిగా బొజ్జన్నకొండకు తీర్థం వెళ్లి, రాక్షసుడి పొట్ట అని నమ్మిన ఒక ఉబ్బెత్తు రూపం మీద రాళ్లు రువ్వేవారు. అందులో ద్వేషమేమీ లేదు. పంట ఇంటికొచ్చిన సంబరంలో భాగంగా తాతల నాటి నుంచీ చేస్తున్న పని అది. ఆ రాళ్లు తగిలి పాత ఇటుకకూ శిల్పానికీ దెబ్బ తగిలింది. వారసత్వ సంస్థ ఇంటాక్ విశాఖ విభాగం, పురావస్తు శాఖ, పోలీసులు కలిసి ఏటా కనుమకు ముందు ఊళ్లలో చెప్పి, ఆ రోజు కాపలా పెట్టి దీన్ని మాన్పించారు. తీర్థం మాత్రం ఆగలేదు. ఆపవలసిన పనీ లేదు. బౌద్ధ భిక్షువులు పోయిన తరువాత వెయ్యేళ్లకు పైగా ఆ కొండతో సంబంధం నిలుపుకున్నది ఆ తీర్థ ప్రజలే. టికెట్టు కొని వచ్చే యాత్రికుల కన్నా వాళ్లకు ఆ కొండ మీద పాత హక్కుంది.

ఆటోనగర్‌కు ఇంకా దగ్గర్లో, ఉక్కు కర్మాగారం పక్కన సముద్రపొడ్డున, అప్పికొండ సోమేశ్వరాలయం ఉంది. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశాక ఆ చుట్టుపక్కల అనేక ఊళ్లు ఖాళీ అయ్యాయి. గుడి మిగిలింది. శివరాత్రికి నిర్వాసితుల కుటుంబాలు వస్తాయి. మిగతా రోజుల్లో నిర్మానుష్యమైన తీరం చూసి ఈతకు దిగే కుర్రాళ్లకు అక్కడి సముద్రం మంచిది కాదు.

బొర్రా కథ వేరు. ఈ గుహలను 1807లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ జార్జ్ కనుగొన్నాడని పుస్తకాలూ బోర్డులూ చెబుతూ ఉంటాయి. ఆ సంస్థ పుట్టిందే 1851లో. అంతకన్నా ముఖ్యం, పైకప్పు కంతలోంచి ఆవు జారిపడగా వెతుక్కుంటూ వెళ్లిన కాపరికి శివలింగం కనబడిందన్న కథ చెప్పుకునే గిరిజనులకు ఆ గుహలను ఇంకొకరు కనుగొనవలసిన అవసరం లేదు. బైలాడిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి 1960లలో కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేశారు. సొరంగాల మీద సొరంగాలు తొలుచుకుంటూ పోయిన ఆ మార్గం గుహల మీదుగానే సాగింది. ఖనిజం కోసం పడిన పట్టాలే తరువాత యాత్రికులను తెచ్చాయి.

గుహల చుట్టూ సున్నపురాయి ఉంటే కాల్సైట్ కూడా ఉంటుంది. అనంతగిరి మండలంలో, బొర్రా పరిసరాల్లో, గిరిజనేతర కంపెనీలకు గనుల లీజులు ఇచ్చారు. వీటిని సవాలు చేస్తూ సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడిపోయినా 1997 జులై 11న సుప్రీంకోర్టులో గెలిచింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని ధర్మాసనం మెజారిటీ తీర్పు చెప్పింది. గనులు తవ్వాలంటే ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ గానీ గిరిజనుల సహకార సంఘాలు గానీ తవ్వాలంది. దేశమంతటా ఉదహరించే సమత తీర్పు ఈ కొండల్లోనే పుట్టింది. దానికి ఆధారమైన, 1/70గా పేరుపడిన భూబదలాయింపు నిబంధనల ప్రకారం మన్యంలో బయటివాళ్లు భూమి కొనకూడదు, లాడ్జీలకైనా సరే. అరకు దారిలో బినామీ పేర్ల మీద లేచే రిసార్టుల వివాదం ఇందులోంచే వచ్చింది. బొర్రాకు పోయే మనిషి ఎక్కడ బస చేశాడు, బొంగులో చికెన్ ఎవరి దగ్గర కొన్నాడు అన్నవి రుచికి సంబంధించిన ప్రశ్నలు మాత్రమే కావు.

గుహ లోపల జరిగే నష్టం కంటికి ఆనదు. నీటిలో కరిగిన సున్నం చుక్కచుక్కగా పేరుకుని రాతి ఊడలు కడుతుంది. మామూలుగా ఆ పెరుగుదల ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు ఉంటే గొప్ప. చేత్తో తడిమితే చర్మం మీది జిడ్డు రాతికి అంటుకుని, అక్కడ కొత్త సున్నం పట్టదు. వెలుగు ఎరగని రాతి మీద రంగురంగుల దీపాలు పెడితే వాటి వేడికీ కాంతికీ నాచు మొలుస్తుంది. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహ చిత్రాలను యాత్రికుల ఊపిరి తేమ, దీపాల కింద పెరిగిన నాచు పాడుచేస్తున్నాయని 1963లో ఆ గుహను మూసేశారు. బొర్రాలో బొమ్మలు లేవు గనుక మూసే ప్రశ్న రాలేదు. అయితే గుహకు దీపాల అలంకారం అవసరమా అన్న ప్రశ్న మాత్రం ఎన్నడో అడగవలసింది.

తొట్లకొండ బయటపడడం యాదృచ్ఛికమే. భీమిలి తీరంలో 1970ల మధ్యలో నావికాదళం జరిపిన విమాన సర్వేలో దీని ఆచూకీ దొరికింది. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి కొన్నేళ్ల పాటు తవ్వింది. మహాస్తూపం, చైత్యగృహాలు, భిక్షువుల గదులు, భోజనశాల, శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. కొండ రాతిలో తొలిచిన తొట్లలో వాన నీరు నిలవ ఉంటుంది. కొండ నెత్తిన, సముద్రపు ఉప్పుగాలిలో, అంతమంది భిక్షువులు బతికింది ఆ నీళ్ల మీదే. యాత్రికులు వాటిలోకి సీసాలు విసరకుండా ఉంటే చాలు, అవి ఇవాళ కూడా పనిచేస్తాయి. పునర్నిర్మించిన మహాస్తూపంలో కొంత భాగం 2019 అక్టోబరు వానలకు కూలింది. కొండ చుట్టూ భూముల విషయంలో, ముఖ్యంగా ఒక సినిమా క్లబ్బుకు చేసిన కేటాయింపు మీద, వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. స్తూపానికి ముళ్లకంచె వేయడం తేలిక. కొండంతటికీ హద్దు రాయడమే కష్టం.

ఎర్రమట్టి దిబ్బలకు ఆ హద్దు సమస్య మరీ పెద్దది. వీటిలో చాలా భాగం సుమారు 20 వేల ఏళ్ల కిందటి చివరి మంచుయుగపు కాలానిది. అప్పుడు ప్రపంచ సముద్ర మట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. బయటపడిన సముద్రగర్భపు ఇసుకను గాలి ఒడ్డుకు ఎగరేసి మేటలు వేసింది. ఇసుక రేణువుల మీద ఇనుప ఆక్సైడు పొరలా పట్టి ఎరుపెక్కింది. తరువాతి వానలు ఆ మేటలను నిలువునా కోసి, గోడల్లాంటి గట్లూ వాటి మధ్య సన్నని వాగుదారులూ చేశాయి. ఇలాంటివి దక్షిణాసియాలో తమిళనాడు, శ్రీలంక తీరాల్లో మాత్రమే ఉన్నాయి. ఈ దిబ్బల్లో రాతియుగపు పనిముట్లూ దొరికాయి.

గట్టు చూడటానికి గట్టిగానే ఉంటుంది. వేలితో గీస్తే పొడి రాలుతుంది. దాని అంచు మీద ఫోటోకు నిలబడినవాడి కాలి కింద పెచ్చు ఊడి, పైపొర జారిపోతుంది. తరువాతి వానకు అక్కడే కొత్త కోత మొదలవుతుంది. అందువల్ల అక్కడ తిరగవలసింది వాగు అడుగున, గట్లెక్కకుండా. వానలప్పుడు వెళ్లకపోవడం ఇంకా మేలు. కాలినడక చేసే హాని మాటెలా ఉన్నా, ఒక యంత్రం ఒక్క పూటలో చేసేది వేలమంది యాత్రికులు ఏళ్ల తరబడి చేయలేరు. భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో ఈ దిబ్బలను జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. పదేళ్లకు, 2024 జులైలో, దిబ్బల ప్రాంతంలో యంత్రాలతో నేల చదును చేస్తున్నట్టు బయటపడింది. నిరసనలు వచ్చాక అధికారులు పనులు ఆపించారు.

శంకరానికి 1958 నాటి కేంద్ర చట్టం, దాని 2010 సవరణ ఇచ్చిన వంద మీటర్ల నిషేధిత పరిధి ఉన్నాయి. బొర్రా చుట్టుపక్కల భూమికి 1/70 ఉంది. మానవుడు కట్టని, దేవుడూ వెలవని ఎర్రమట్టి దిబ్బలకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. భూవారసత్వ స్థలాల కోసం కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో విడుదల చేసిన ముసాయిదా బిల్లు చట్టం కాలేదు. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలో దిబ్బలకు, తిరుమల కొండలతో పాటు, చోటు దొరికింది. ఆ జాబితాలో పేరు ఉంటే రక్షణ వచ్చినట్టు కాదు. కనీసం ఏడాది గడిచాక గానీ పూర్తి నామినేషన్‌ను పరిశీలించరు. ఆ పత్రంలో సర్వే చేసిన హద్దు, ఆ హద్దు లోపలి భూమి ఎవరిదన్న వివరం, దాన్ని కాపాడే చట్టం పేరు రాయవలసి ఉంటుంది.